నాచులో ఊడని గుండు

ఆదివారం

నన్ను ఈ వీధిలో గాలాలమ్మ అంటారు. కన్నవాళ్ళు పెట్టిన పేరు వేరే ఉంది గాని, ఆ పేరుతో పిలిచేవాళ్ళంతా పోయారు. ఇప్పుడది ఎవరైనా అంటే నేనే వెనక్కి తిరిగి చూడను. వయసు డెబ్బై ఎనిమిది. మెట్లెక్కితే రెండు గదులు, ఒక వంటిల్లు. ఉండేది నేనూ, నా తోటికోడలూ. అన్నదమ్ములిద్దరూ ముందే వెళ్ళిపోయారు, వాళ్ళను కట్టుకుని వచ్చిన మేమిద్దరం మిగిలాం. మా అత్తగారు ఆమెను చిన్నకోడలు అనేది. డెబ్బై దాటినా ఆమె చిన్నకోడలే. నేను చిన్నా అంటాను.

నాకు చదువు రాదు. చెబుతున్నది నేను, రాస్తున్నది చిన్న. చెరువులో గాలాలేసేవాళ్ళ సంఘానికిచ్చే అర్జీ కాదిది. నా కోసం. ముసలిది ఏదో అంటుంది, మళ్ళీ మర్చిపోతుంది అని రేపు ఎవడూ అనకుండా, ఏ రోజు మాట ఆ రోజే కాగితం మీద పడాలి. "ఇదంతా ఎందుకక్కా, తలనొప్పి" అంటోంది చిన్న. అదీ రాయవే అన్నాను. రాసింది.

నా మీద వేసిన నింద ఇది. చెరువు అవతలి కొసన, నాచు దట్టంగా ఉండే చోట, రాగిబిందె చచ్చిపోయి దొరికింది. రాగిబిందె అంటే చేప. బంగారుతీగ జాతి. గుండ్రటి పొట్ట, తోమిన రాగి రంగు, అందుకే ఆ పేరు. మా చెరువులో పట్టిన చేపను మళ్ళీ నీళ్ళలో వదిలెయ్యాలి, అది సంఘం నియమం. సంఘంలో సగం మంది దాన్ని పసిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని ఫొటో దిగినవాళ్ళే. దాని పెదవిలో గాలం ఉంది. గాలానికి దారం, దారానికి సీసం గుండు, ఆ గుండు చుట్టూ గడ్డిమోపంత నాచు. కదల్లేక, ఊపిరాడక చచ్చింది. గాలం మెడకి ఎర్రదారం చుట్టు ఉందట.

ఎర్రదారం చుట్టు నాది. ఊళ్ళో ఇంకెవరు కట్టిన గాలానికీ ఉండదు. పెళ్ళయిన కొత్తలో మొదలుపెట్టాను, ఇప్పటికీ మూలమీద దుకాణానికి గాలాలు కట్టేది నేనే.

నాచు కొసన, నీళ్ళ అంచున గాలం వేసుకునే చెక్కబల్ల నాది. అందరినీ కూర్చోనివ్వరక్కడ. నాచుకి తగ్గట్టు గాలం, దారం, గుండు కలిపి కట్టు కట్టడం తెలిసినవాళ్ళకే ఆ చోటు. ఇప్పుడు ఆ బల్ల లాగేసుకుంటారట. వచ్చే ఆదివారం సభ.

నాచులో ఏ కట్టు కట్టాలో నాకు తెలియదని అనబోతున్నారు కాబట్టి చెబుతున్నాను, రాయి చిన్నా. ముందు గాలం లేకుండా ఉత్త గుండు విసరాలి. గుండు అడుగు తాకినప్పుడు చేతికి టక్కుమని తెలిస్తే అక్కడ గట్టి నేల. దూదిలో దిగినట్టు దిగితే నాచు. వెనక్కి లాగితే గుండుకి ఏం తగులుకుని వచ్చిందో చూడాలి. జుట్టులాంటి నాచయితే ఎర నీళ్ళలో తేలేది కావాలి, గాలాన్ని గుండు పక్కన కాకుండా దారం మీద పైకి జరిగే కడియానికి కట్టాలి. అప్పుడు గుండు నాచులో మునిగినా ఎర నాచు మీద కూర్చుంటుంది, పరుపు మీద పిల్లిలా. కాడల నాచయితే మధ్యలో ఖాళీలుంటాయి, అక్కడ పొట్టి దారం చాలు, కానీ గాలం మొనకి నీళ్ళలో కరిగిపోయే సంచి తొడగాలి. లేకపోతే దిగేటప్పుడే ఆకులు తగులుకుని గాలం గుడ్డిదవుతుంది. చేప వచ్చి మూతి పెట్టినా గుచ్చుకోదు.

ఇవన్నీ తప్పినా చేప చావదు. మహా అయితే దొరకదు. చంపేది గుండు.

గుండు ఒక చిన్న కొక్కేనికి వేలాడుతుంది. ఆ కొక్కెం మీదకి రబ్బరు తొడుగు జరుపుతాం. కొస మీద కొంచెం పట్టేలా జరిపితే, గుండు నాచులో ఇరుక్కోగానే తొడుగు జారుతుంది, గుండు ఊడి అడుక్కి పోతుంది, చేప తేలికై నాచు మీదకి వచ్చేస్తుంది. గుండు పోతే పోనీ, ఇనుమూ సీసమూ కంటే ప్రాణం ఎక్కువ. తొడుగు నొక్కి బిగించావా, గుండు ఊడదు. నాచు, గుండు, దారం, చేప, అన్నీ ఒకే మూట. దారం తెగిందంటే ఆ మూట నీళ్ళ కిందే ఉండిపోతుంది.

ఇక్కడ చిన్న కలం ఆపి కళ్ళద్దాలు తుడుచుకుంది. "రబ్బరు ఎంతవరకు జరపాలన్నావ్?" అంది. ఇన్నేళ్ళు నా పక్కన కూర్చుని ఇంతేనా నేర్చుకున్నది అని నవ్వాను. గోటి మందం అని చెప్పాను. రాసుకుంది.

ఆమెకు గాలాలంటే ఇష్టం లేదు. కుర్చీ మోస్తుంది, ఫ్లాస్కు మోస్తుంది, చేప ఒడ్డు చేరితే కింద వల పట్టుకుంటుంది. అంతే. నా కట్టు తెలిసినది ఈ లోకంలో నేనొక్కదాన్నే. దుకాణంలో గాలం కొని, గుండు ఎవడో ఇష్టమొచ్చినట్టు బిగించాడు. వాడెవడో నేను పట్టుకుంటాను.

సోమవారం

చెరువు గేటు దగ్గర ఆపేశారు. ఇంకేం లేదు.

మంగళవారం

దుకాణానికి వెళ్ళాను. దుకాణం అబ్బాయి నెత్తిన వెంట్రుకలన్నీ పోయినా నాకు అబ్బాయే, వాళ్ళ నాన్న హయాం నుంచీ ఎరుగుదును. గల్లాపెట్టె ముందు మనుషులున్నారు. ఉండనీ అనుకున్నాను.

"నా గాలాలు ఈమధ్య ఎవరెవరు కొన్నారు?"

"సగం ఊరు కొంటుందమ్మా. సబ్బు కొన్నవాళ్ళ పేర్లు రాసుకుంటామా ఏంటి?"

"నేనిచ్చేవి ఉత్త గాలాలు. వాటికి గుండు తగిలించి కట్టు మొత్తం చేసి అమ్మేది నువ్వు. రబ్బరు బిగించింది నువ్వే."

"నేనా?" అని పొట్ట మీద చెయ్యేసుకున్నాడు. "నా బెల్టే నేను బిగించుకోలేక చస్తున్నాను, రబ్బరు బిగిస్తానా?"

అక్కడున్నవాళ్ళు నవ్వారు. ఆ నవ్వుతో నాకు ఒళ్ళు మండింది. చేపను చంపి నా ఎర్రదారం వెనక దాక్కున్నావురా దొంగా అన్నాను. గట్టిగానే అన్నాను. వాడి మొహం ఎర్రబడింది.

"పెద్దావిడవని ఊరుకుంటున్నాను. ఇంకెప్పుడూ నా మెట్లెక్కకు."

"ఎక్కను పో. నీ మెట్లేమన్నా స్వర్గానికి పోతున్నాయా?"

తిరిగి వస్తుంటే చిన్న నా మోచెయ్యి పట్టుకుని నడిపించింది. "వాడే అంటావా?" అని అడిగాను.

"నీకు తెలియనిదేముంది అక్కా" అంది.

వాడే.

బుధవారం

సంఘం అధ్యక్షుడు మా ఇంటికి వచ్చాడు. పళ్ళ డాక్టరు. మెట్లెక్కి ఆయాసపడి, నా మంచం అంచున కూర్చున్నాడు. మెత్తటి మాట. రోగి నోరు తెరిచాక సూది చూపించే రకం.

"అమ్మా, మీ మీద మాకెవరికీ కోపం లేదు."

"ఎందుకు లేదు? చేప చచ్చింది కదా. ఉండాలి."

"వయసు అందరికీ వస్తుంది. చూపు తగ్గుతుంది, వేళ్ళకి స్పర్శ తగ్గుతుంది. మిమ్మల్ని గౌరవ సభ్యురాలిగా ఉంచుదామనుకుంటున్నాం. ఒడ్డున నీడలో మంచి కుర్చీ వేయిస్తాం. రోజూ రండి, కూర్చోండి, కుర్రాళ్ళకి సలహాలివ్వండి. గాలం మాత్రం..."

"నోట్లో పళ్ళన్నీ పీకేసి, భోజనానికి రమ్మని పిలుస్తున్నావా నాయనా?"

నవ్వాడు. నేను నవ్వకపోయేసరికి మానేశాడు.

నా కంటికి ఆపరేషన్ అయిన మాట నిజం. చూపు కొంచెం మసక, అదీ నిజం. కానీ రబ్బరు తొడుగు ఎప్పుడూ కంటితో జరపలేదు నేను. బొటనవేలి గోరు ఆనించి జరుపుతాను. ఆ మాటే చెప్పాను. చెబుతుంటే ఆయన జాలిగా తలూపాడు. దొంగ అంటే ఊరుకుంటానేమో గాని, నా వైపు చూసి ఎవరైనా అలా తలూపితే ఊరుకోలేను.

"నా చూపు సంగతి నీకెవరు చెప్పారు?"

టీ కప్పులోకి చూశాడు. "మీ మంచి కోరేవాళ్ళే."

దుకాణం అబ్బాయే. నిన్న తిట్టానని వెళ్ళి చెప్పి ఉంటాడు. ఎంత కక్ష చూడు.

డాక్టరు టీలో చక్కెర తక్కువైందన్నాడు. చక్కెర సీసా తెచ్చాను, మూత రాలేదు. ఆయనా తిప్పాడు, రాలేదు. చిన్న బిగించిందంటే అంతే. కుళాయి బిగిస్తే ప్లంబరు రావాలి, కిటికీ గడియ వేస్తే సుత్తి రావాలి. "కారిపోతుందేమో, పాడైపోతుందేమో" అంటుంది. చివరికి ఆమే వచ్చి తీసింది. డాక్టరు చక్కెర లేకుండా తాగేసి ఉన్నాడు అప్పటికే.

గురువారం

ఈరోజు రాయడానికేం లేదు.

శుక్రవారం

ఈ పేజీ నుంచి చేతిరాత మారింది. రాస్తున్నది మా కింద ఇంట్లో అద్దెకున్న కుట్టుమిషను ఆమె. నన్ను పిన్నీ అంటుంది. మిషను మీద బట్ట సగం కుట్టి వదిలేసి నా కోసం కూర్చుంది. నిన్నటి మాట నిన్న ఎందుకు చెప్పలేదంటే, అది రాసే చేతితో చెప్పుకునే మాట కాదు కాబట్టి.

ముందు పేజీలు చదివించుకున్నాను. నేను చెప్పింది చెప్పినట్టే ఉంది. దుకాణం అబ్బాయిని దొంగ అన్నది, వాడే అన్నది, నా కట్టు తెలిసింది నేనొక్కదాన్నే అన్నది, అన్నీ. ఒక్క ముక్క మార్చలేదు. ముత్యాల్లాంటి అక్షరాలట. మార్చి ఉంటే బాగుండేది. ఎక్కడో ఒకచోట చెయ్యి వణికిందనైనా అనుకునేదాన్ని.

నిన్న జరిగింది చెబుతాను.

రాగిబిందె నోట్లోంచి తీసిన కట్టు చెరువు కాపలాదారు దగ్గర ఉందని తెలిసి వెళ్ళాను. గేటు దాటనివ్వకపోయినా ఆయన గది గేటు ఇవతలే. గోడకి మేకు, మేకుకి ఆ కట్టు. "దీపం వెయ్యనా అమ్మా?" అన్నాడు. "దీపమెందుకు, ఇలా ఇవ్వు" అన్నాను.

ముందు ఎర్రదారం తడిమాను. చుట్లు వరసగా ఉన్నాయి, నావిలాగే. కానీ కొస దోపిన చోట దారాన్ని లాగి లాగి కోసేసినంత పని చేశారు. దుకాణంలో కొన్న గాలం కాదిది. అలాంటి కొస నా చేతిలోంచి దుకాణానికి పోదు. తరవాత రబ్బరు తొడుగు. కొక్కెం మొదలు దాకా జరిపి ఉంది. జరిపి, ఇంకా నొక్కి ఉంది. నేను లాగాను, రాలేదు. కాపలాదారు గోళ్ళతో లాగాడు, రాలేదు. పళ్ళతో పట్టి లాగాడు, రాలేదు.

"అబ్బ, ఎవరమ్మా ఇంత బిగించింది?" అన్నాడు.

ఆ బిగింపుతో ఈ ఇంట్లో రోజూ కుస్తీ పడుతున్నదాన్ని, నాకు వేరే ఎవరు చెప్పాలి? అయినా నా మనసు ఒప్పుకోలేదు. బిగించే చేతులు లోకంలో ఇంకా ఉండవా అనుకున్నాను. దుకాణం అబ్బాయేనేమో అనుకున్నాను. అంతలో ఆయనే అన్నాడు, పాపం మంచికే అన్నాడు: "మీ చెల్లెలుగారు మొన్నే డాక్టరుగారితో చెప్పుకుని బాధపడ్డారమ్మా. అక్కకి ఈమధ్య రబ్బరు ఎంత జరిపిందో తెలియడం లేదు, చెబితే ఒప్పుకోదు, అందరి ముందు నిలదీయకండి అని. నేనక్కడే ఉన్నాను. కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు."

బయటికొచ్చాను. చిన్న గేటు పక్క అరుగు మీద నా సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. నన్ను చూడగానే లేచి గొడుగు విప్పింది.

"ఎండగా ఉంది అక్కా, రా."

ఆ గొడుగు కిందే ఇంటికి నడిచాను.

శనివారం

పొద్దున కూరగాయలు తరుగుతుంటే ఎదురుగా కూర్చున్నాను. కత్తి కింద పెట్టమన్నాను.

"రాగిబిందెను పట్టింది నువ్వా?"

కత్తి కింద పెట్టలేదు. ఇంకో ముక్క తరిగింది. "ఏ రోజు?" అంది.

ఏ రోజు అనడంలోనే అంతా ఉంది. కాదన్న మనిషి రోజు అడగదు.

"నాకు జ్వరం వచ్చిన రోజు. నా గాలం కర్ర తీసుకెళ్ళావు."

"కుర్చీ అక్కడే వదిలేశాం కదా, తెద్దామని వెళ్ళాను."

"కుర్చీకి కర్ర ఎందుకు? గాలం ఎందుకు? ఎర్రదారం ఎందుకు?"

అప్పుడు కత్తి పెట్టేసింది. "ఒక్కసారక్కా. ఒక్కసారి నా చేత్తో చేపను పట్టాలనుకున్నాను. ఎన్నేళ్ళు మోశాను నీ సంచి? ఎన్ని చేపలకి వల పట్టాను? ఒక్కసారైనా కర్ర నా చేతిలో పెట్టావా?"

"అడిగావా?"

"అడిగాను. నవ్వావు."

"నేను నవ్వలేదు."

"నవ్వావు. చిన్నా, నీకెందుకే, చేప చూస్తే మొహం తిప్పుకుంటావు అన్నావు. నువ్వు చూడకుండా ఉండాలని తిప్పుకునేదాన్ని. నాకు ఏడుపొచ్చేది."

నేను నవ్వలేదు. నవ్వినా అది అలాంటి నవ్వు కాదు. ఇది రాయి, నేను నవ్వలేదు అని రాయి.

"సరే, పట్టావు. రబ్బరు ఎందుకంత బిగించావు?"

"విసిరేటప్పుడు గుండు ఊడిపోతుందేమోనని. నీ గుండు పోగొడితే నీకు తెలిసిపోతుంది కదా." చేతులు చూసుకుంది. "పడింది అక్కా. మొదటిసారికే పడింది. కర్ర ఇంతలా వంగింది. నాచులోకి దూరింది. నేను లాగాను. లాగుతూనే ఉన్నాను. తెగిపోయింది."

"లాగకూడదు! నాచులోకి దూరితే దారం వదులు చేసి కూర్చోవాలి. అదే బయటికొస్తుంది. ఆ మాత్రం..."

"నువ్వు చెప్పలేదు."

"చూడలేదా?"

"చూస్తే వస్తుందా?"

వంటింట్లో పాలు పొంగిపోయాయి. ఇద్దరం లేవలేదు.

నాకు అసలు మంట చేప గురించి కాదు. పోనీ, తెలియక చేసింది. వచ్చి చెబితే తిట్టేదాన్ని, నాలుగు రోజులు మాట్లాడేదాన్ని కాదు, అయిపోయేది. "నా కళ్ళు పోయాయని డాక్టరుకెందుకు చెప్పావు?"

"నిన్ను తీసేస్తారని భయపడ్డాను. ముసలావిడ, పొరపాటు అంటే జాలిపడి వదిలేస్తారనుకున్నాను."

"నా మీద జాలి పడమన్నావు."

"నీ కోసమే అక్కా."

"నేను దుకాణం ముందు ఆ అబ్బాయిని దొంగ అంటుంటే పక్కనే నిలబడ్డావు. అదీ నా కోసమేనా? నేను చెబుతుంటే నా నింద నీ చేత్తో రాశావు. గోటి మందం అని చెబితే రాసుకున్నావు! అదీ నా కోసమేనా?"

తరిగిన ముక్కలు గిన్నెలోకి తోసి అడిగింది, "రేపు సభలో చెబుతావా?"

"నేనెందుకు చెబుతాను? నువ్వు చెబుతావు."

తలూపింది. నమ్మాను.

ఆదివారం

సంఘం గదిలో మడత కుర్చీలన్నీ నిండిపోయాయి. చచ్చిన రాగిబిందె ఫొటో పెద్దది చేసి గోడకి పెట్టారు. దాని కింద పూలు పెట్టలేదు గాని మిగతా అంతా చావు ఇంటిలాగే ఉంది. దుకాణం అబ్బాయి వెనక వరసలో, నన్ను చూసి మొహం తిప్పుకున్నాడు.

నేను లేచి చెప్పాను. నా చేతులు బాగున్నాయి, ఆ కట్టు నేను కట్టలేదు, మా ఇంట్లోనే నా తోటికోడలు కట్టింది, నా కర్రతో, నాకు తెలియకుండా. ఇదే ఆమె నోటితో వినండి అన్నాను. ఇంతకంటే ఒక్క మాట ఎక్కువ అనలేదు.

అందరూ చిన్న వైపు తిరిగారు. లేచి నిలబడింది. కొంగు భుజం చుట్టూ కప్పుకుంది. మొదట నా వైపు చూసింది, తరవాత నేల వైపు.

"నేనే" అంది. నా ప్రాణం లేచి వచ్చింది. ఆ తరవాత అంది, చిన్న గొంతుతో, ఎంత మెత్తగా అంటే వెనక వరసవాళ్ళు కూడా చెవులు రిక్కించి విన్నారు: "నేనే అనుకోండి బాబూ. మా అక్క మనసు కష్టపెట్టకండి. ఆమె ఎలా అంటే అలాగే."

అబద్ధం ఒక్కటి లేదు అందులో. గది మొత్తం కరిగిపోయింది. ఎవరో "ఎంత మంచావిడ" అన్నారు. డాక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. నేను అరిచాను. ఏం అరిచానో గుర్తు లేదు. ఎంత అరిస్తే అంత జాలిగా చూశారు. ఒకామె నీళ్ళు తెచ్చిచ్చింది. ఎవరో వెనక నుంచి భుజం మీద చెయ్యేశారు, విదిలించి కొట్టాను.

చెక్కబల్ల పోయింది. గౌరవ సభ్యురాలినయ్యాను. నీడలో కుర్చీ.

సోమవారం

చిన్న టీ పెట్టింది. తాగాను. తాగినందుకు నా మీద నాకే మంట.

మంగళవారం

ఎవరి మీద కోపం వచ్చినా ఇన్నేళ్ళూ నేను చెప్పుకున్నది చిన్నతోనే. అత్తగారు దెప్పిందని చెప్పుకున్నాను, మొగుడు మాట్లాడలేదని చెప్పుకున్నాను, ఆయన పోతే నేను ఏడ్చింది కూడా ఆమె భుజం మీదే. దుకాణం అబ్బాయిని, డాక్టరుని, లోకాన్నంతా తిట్టుకున్నది ఆమె దగ్గరే. ఆమె నన్ను ఇలా చేసిందని పొద్దున లేవగానే చెప్పుకోవాలనిపిస్తుంది. నోరు తెరుస్తాను. ఎదురుగా ఆమే ఉంటుంది.

అందుకని కిందికి దిగి, కుట్టుమిషను ఆమెను వెంటపెట్టుకుని దుకాణానికి వెళ్ళాను. మెట్లెక్కలేదు. ఎక్కొద్దన్నాడు కదా. కింద రోడ్డు మీదే నిలబడి పిలిచాను.

"ఒరే అబ్బాయీ, నువ్వు దొంగవి కావు. ఆ రోజు ఎంత గట్టిగా అన్నానో ఇదీ అంత గట్టిగా అంటున్నాను, అందరూ వినండి. ఇప్పుడు ఈ కాగితాల్లో ఏముందో విను."

"సభలో విన్నానుగా, చాలదా?" అన్నాడు. కానీ స్టూలు తెచ్చి రోడ్డు మీద వేశాడు. కూర్చున్నాను. కుట్టుమిషను ఆమె మొదటి పేజీ నుంచి చదివింది. జనం ఆగి విన్నారు. తనను తిట్టిన చోట దుకాణం అబ్బాయి చెవి గోక్కున్నాడు. బెల్టు మాట చదివితే నవ్వొచ్చింది వాడికి, ఆపుకున్నాడు. కాపలాదారు ఎర కొనడానికి వచ్చి అలాగే నిలబడిపోయాడు. శనివారం చదువుతుండగా ఆయనే అడ్డొచ్చాడు.

"ఆగమ్మా. జ్వరం వచ్చిన రోజు అన్నారు. ఆ పొద్దున నేను చూశాను. ఆవిడే. బల్ల మీద నిలబడి, కర్ర రెండు చేతులతో పట్టి లాగుతున్నారు. మీరు రెల్లు వెనక కూర్చుని ఉంటారనుకున్నాను. మీరు లేకుండా ఆవిడ ఎప్పుడొచ్చారు గనక?"

"మరి సభలో నోరెందుకు తెరవలేదు?" అన్నాడు దుకాణం అబ్బాయి.

"నన్నెవరడిగారు? ఆ రోజూ ఈ రోజూ ఒకటేనని నాకేం తెలుసు? పైగా ఆవిడ నేనే అనుకోండి అంటే, అక్క కోసం నెత్తినేసుకుంటోంది, దేవత అనుకున్నాను నేను కూడా."

ముగ్గురూ డాక్టరు దగ్గరికి వెళ్ళారు. నేను స్టూలు మీదే కూర్చున్నాను.

శుక్రవారం

డాక్టరు వచ్చాడు. చెక్కబల్ల నాదేనన్నాడు. నీడలో కుర్చీ కూడా ఉంచమంటారా అని అడిగాడు. నువ్వు కూర్చో నాయనా, నీకు ఆయాసం అన్నాను. చిన్నను చెరువు గేటు లోపలికి రానివ్వరాదని రాసుకున్నారట. ఆ మాట ఆమె ముందే చెప్పాడు. జాలిగా చెప్పలేదు ఈసారి.

ఆయన వెళ్ళాక ఈ కాగితాలన్నీ కుట్టుమిషను ఆమెతో మొదటి నుంచీ చదివించాను. చిన్న వంటింటి గుమ్మంలో కూర్చుని వింది. తను రాసిన పేజీలు తనకు తెలుసు. తరవాతవి వింటూ కొంగు కొస మెలిపెడుతూ ఉంది. నేను నవ్వలేదు అని రాయించిన చోట తల ఎత్తి నన్ను చూసింది. నేనే కిటికీలోకి చూశాను.

చదవడం అయ్యాక, "ఎక్కడైనా తప్పుందా?" అని అడిగాను.

"లేదు."

"అయితే సాక్షి సంతకం పెట్టు."

"నా మీద నేనే సాక్షినా?"

"నా చేతులకి సాక్షివి. వాటిని నీకంటే బాగా ఎరిగినవాళ్ళు ఎవరున్నారు?"

పెట్టింది. పెట్టి, కలం మూత బిగించబోయి ఆగిపోయింది. మూత తీసి ఉండగానే కలాన్ని నా పక్కన పెట్టింది.

"రేపు చెరువుకి వెళ్తావా అక్కా?"

"వెళ్తాను."

"సంచి సర్దనా?"

గది ఆమెది కూడా, వంటిల్లు ఆమెది కూడా, ఆమెను ఇంట్లోంచి వెళ్ళమని ఎవరూ అనలేదు, నేను అనను. నాకు వల పట్టే మనిషి ఇంకెవరూ లేరు, అదీ ఆమెకు తెలుసు. ఈ వయసులో ఒక చేత్తో కర్ర, ఒక చేత్తో వల ఎలా పడతానో నాకే తెలియదు. అయినా అన్నాను:

"వద్దు. నేనే సర్దుకుంటాను."

చెప్పింది నేను. చదివించుకున్నది నేను. దీని కింద నా ఎడమ చేతి బొటనవేలి ముద్ర.

సాక్షులు:
శుక్రవారం నుంచి రాసిన కింద ఇంటి కుట్టుమిషను ఆమె.
మూలమీద దుకాణం అబ్బాయి.
చెరువు కాపలాదారు.
అంతకు ముందు రాసిన నా తోటికోడలు.